వేడి ఏ దారిన పోతోందో కనిపెట్టడం ఎలా?

గది వేడెక్కుతోందని కర్టెన్లు మారుస్తాం. ఫోన్ కాలిపోతోందని కవర్ తీసేస్తాం. నీళ్లు చల్లారిపోతున్నాయని గిన్నెకు గుడ్డ చుడతాం. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి ఏ తేడా కనిపించదు. తేడా లేనప్పుడు లోపం సాధారణంగా వాడిన సామానుది కాదు. వేడి ఒక దారిన పోతుంటే మనం ఇంకో దారి మూశాం, అంతే. చిల్లుల కుండలో పెద్ద చిల్లు వదిలేసి చిన్నవాటికి లక్క పెట్టినట్టు. అందుకే ఏదైనా కొనేముందు, చుట్టేముందు, ఆ పెద్ద చిల్లు ఎక్కడుందో కొలిచి తెలుసుకోవాలి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పుల్లలాంటి ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తప్పనిసరి. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది నలభై చిల్లర డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది. గురిపెట్టి మీట నొక్కితే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా ఉంటే మంచిది, కానీ అది ఎప్పుడు అబద్ధం చెబుతుందో తెలిసి వాడాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను. గ్రాముల్లో తూచే డిజిటల్ కాటా, పల్చటి స్టీలు గ్లాసులు ఒకే సైజువి రెండు, అల్యూమినియం ఫాయిల్, కరెంటు పనికి వాడే నల్ల టేపు, థర్మోకోల్ ముక్క, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మరిగే నీళ్లతో చేసే పని కాబట్టి పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

1. మీ చేతిని నమ్మడం మానేయండి

రాత్రంతా ఒకే గదిలో ఉన్న చెక్క పలకను, మందపాటి అల్యూమినియం గిన్నెను పొద్దున్నే ముట్టుకోండి. గిన్నె చల్లగా, చెక్క మామూలుగా అనిపిస్తుంది. ఇప్పుడు రెండింటి మీదా నల్ల టేపు ముక్క అంటించి, కాసేపాగి, ఆ టేపు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. అది లేకపోతే ప్రోబ్‌నే టేపుతో అదిమి పెట్టి చూడండి. రెండు అంకెలూ ఒకటే వస్తాయి.

మన చర్మం దాదాపు 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది 25 డిగ్రీలుంటే ముట్టుకున్న ప్రతి వస్తువులోకీ చేతినుంచి వేడి పోతుంది. చేతికి తెలిసేది ఆ వస్తువు ఉష్ణోగ్రత కాదు, తనలోంచి వేడి ఎంత వేగంగా జారిపోతోందన్నది. అల్యూమినియం ఉష్ణవాహకత, అంటే వేడిని తనగుండా పోనిచ్చే గుణం, 200కి పైన, చెక్కది 0.1, 0.2 మధ్య. ఈ అంకెల కొలమానం ఏమిటో ఇప్పుడే పట్టించుకోనక్కర్లేదు, వాటి మధ్య ఉన్న వెయ్యి రెట్లకు పైబడిన తేడా గుర్తుంటే చాలు.

నమ్మకం కలగకపోతే రెండు ఐసు ముక్కలు తెచ్చి ఒకటి చెక్క మీద, ఇంకొకటి బోర్లించిన గిన్నె మీద పెట్టండి. ఏది ముందు కరుగుతుందని పక్కనున్నవాళ్లను అడగండి. ‘చల్లగా’ ఉన్న గిన్నె మీద ఐసు ఎక్కువసేపు ఆగుతుందని చాలామంది చెబుతారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జూల్స్ కావాలి. ఆ వేడిని గిన్నె నలుమూలల నుంచీ లాగి గబగబా అందిస్తుంది. చెక్కలో మాత్రం ఐసు కింద ఉన్న జాగా ఒక్కటే చల్లబడి, పక్కనుంచి వేడి రావడానికి చాలా సమయం పడుతుంది.

ఇక్కడినుంచి ‘ఇది చల్లటి వస్తువు, అది వెచ్చటి వస్తువు’ అనే మాట మన నోట్సులో రాయొద్దు. ఎంత ఉష్ణోగ్రత, ఎంత వేగంగా వేడి పోతోంది అని రెండూ విడివిడిగా రాయాలి.

2. దారులన్నీ కాగితం మీద గీయండి

వస్తువు బొమ్మ వేయండి. దాని ఉష్ణోగ్రత రాయండి. చుట్టూ ఏమేం ఉన్నాయో, వాటి ఉష్ణోగ్రత ఎంతో రాయండి. వేడి తనంతట తాను ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత వైపునుంచి తక్కువ వైపుకే పోతుంది కాబట్టి బాణాలు ఎటు పెట్టాలన్నది తెలిసిపోతుంది. ఇక ఒక్కో బాణం ఏ రకమో గుర్తు పెట్టండి.

ఒకదాన్నొకటి తాకుతున్న చోట ఉష్ణవహనం: గ్లాసు అడుగునుంచి బల్లలోకి, గరిటె కొసనుంచి పిడిలోకి. గాలో నీళ్లో కదులుతూ మోసుకుపోయే చోట ఉష్ణసంవహనం. ఈ రెండూ బడిలోనే నేర్చుకున్నాం, పెద్దగా చెప్పేదేమీ లేదు.

మూడోది ఉష్ణవికిరణం, అంటే దేన్నీ తాకకుండా కిరణాల రూపంలో వేడి పోవడం. అందరూ మరిచిపోయేది ఇదే. సూర్యుడు, నిప్పులు మాత్రమే వికిరణం పంపుతాయని అనుకుంటాం. నిజానికి ప్రతి వస్తువూ, మీ గోడ, కుర్చీ, మీరు, రాత్రీ పగలూ పంపుతూనే ఉంటాయి. ఎంత పంపుతాయన్నది కెల్విన్‌లలో (మన డిగ్రీలకు 273 కలిపితే వచ్చే అంకె) కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని స్టెఫాన్ 1879లో ప్రయోగ ఫలితాల నుంచి పట్టుకున్నాడు, బోల్ట్‌జ్‌మన్ 1884లో సిద్ధాంతపరంగా నిరూపించాడు. ఆ సూత్రంలో గది ఉష్ణోగ్రత పెట్టి చూస్తే, మామూలు రంగు వేసిన వస్తువుకు చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకి 6 వాట్ల దాకా వికిరణం వల్లే పోతాయి. ఫ్యాన్ లేని గదిలో గాలి మోసుకుపోయేది కూడా కాస్త అటూఇటూగా అంతే. అంటే మీ గదిలో నిశ్శబ్దంగా చల్లారుతున్న వస్తువుల్లో సగం వేడి గాలితో సంబంధం లేకుండానే గోడలకు చేరుతోంది.

తడి ఉంటే నాలుగో బాణం కూడా గీయండి. నీరు ఆవిరై పోతూ తనతో వేడిని పట్టుకుపోతుంది. ఒక్క గ్రాము వేడినీరు ఆవిరవడానికి సుమారు 2,300 జూల్స్ తీసుకుంటుంది. ఈ అంకె పక్కన గీత పెట్టుకోండి, వెంటనే పని ఉంది.

3. గ్లాసు నీళ్లతో అసలు కొలత

ఇక్కడ తొందరపడకుండా చేయండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది.

ఫ్యాన్ ఆపండి. స్టీలు గ్లాసును కాసేపు వేడినీళ్లతో నింపి పారబోయండి, లేకపోతే గ్లాసు కూడా వేడిని మింగి లెక్క పాడుచేస్తుంది. పింగాణీ కప్పుతో అయితే ఇది మరీ ఎక్కువ: 300 గ్రాముల పింగాణీ కప్పు 30 డిగ్రీల దగ్గర ఉండగా 90 డిగ్రీల నీళ్లు పావులీటరు పోస్తే, ఒక్క జూల్ కూడా గదిలోకి పోకముందే నీళ్లు 79 డిగ్రీల దగ్గరికి దిగిపోతాయి. అందుకే పల్చటి స్టీలు.

ఇప్పుడు 250 గ్రాముల వేడినీళ్లు పోసి, గ్లాసును థర్మోకోల్ ముక్క మీద, ఆ మొత్తాన్ని కాటా మీద పెట్టండి. ప్రోబ్ ముంచండి. 80 డిగ్రీలు చూపించగానే స్టాప్‌వాచ్ నొక్కి, బరువు రాసుకోండి. 60కి దిగగానే మళ్లీ సమయం, బరువు రాసుకోండి. మధ్యలో రెండు మూడుసార్లు నెమ్మదిగా కలపండి, పైన వేడిగా కింద చల్లగా ఉంటే ప్రోబ్ ఎక్కడుంటే అక్కడి అంకే చెబుతుంది. బరువు చూసే ప్రతిసారీ ప్రోబ్ లోపల ఉందా బయట ఉందా అన్నది ఒకేలా ఉండాలి.

లెక్క తేలికే. కిలో నీరు ఒక డిగ్రీ దిగితే 4,186 జూల్స్ వదులుతుంది. పావు కిలో, 20 డిగ్రీలు, అంటే సుమారు 20,900 జూల్స్. దీనికి 15 నిమిషాలు పట్టిందనుకుందాం. 900 సెకన్లతో భాగిస్తే సగటున 23 వాట్లు. మీ గ్లాసు అంత చిన్న బల్బులా గదిని వేడిచేస్తోందన్నమాట.

ఇప్పుడు బరువు చూడండి. 5 గ్రాములు తగ్గిందనుకుందాం. 5 ఇంటూ 2,300, అంటే 11,500 జూల్స్. మొత్తం పోయిన వేడిలో సగం పైచిలుకు గ్లాసు గోడల్లోంచి పోలేదు, అడుగునుంచి పోలేదు, మూత లేని పైభాగం నుంచి ఆవిరి రూపంలో ఎగిరిపోయింది. మీ అంకెలు వేరే ఉండొచ్చు, గ్లాసు మూతి వెడల్పును బట్టి, గాలిలో తేమను బట్టి మారతాయి. కానీ బాగా వేడిగా ఉన్న నీళ్ల విషయంలో పెద్ద చిల్లు పైనే ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరు కొలిచినా బయటపడుతుంది. గ్లాసు చుట్టూ రెండు పొరల ఉన్ని చుట్టి మూత పెట్టకపోతే ఏం లాభమో ఇక చెప్పనక్కర్లేదు.

ఇక రెండో విడత. అదే నీళ్లు, అదే 80 నుంచి 60, ఈసారి ఫాయిల్ మూత పెట్టి, ప్రోబ్‌కు చిన్న రంధ్రం మాత్రం వదిలి కొలవండి. పట్టే సమయం బాగా పెరుగుతుంది. ఆ పెరిగిన సమయం ఆధారంగా కొత్త వాట్లు కట్టండి. పాత వాట్లలోంచి కొత్త వాట్లు తీసేస్తే మూత ఒక్కటే ఆపిన వేడి ఎంతో వస్తుంది.

మూడో విడత అందరినీ ఆశ్చర్యపరిచేది. రెండు స్టీలు గ్లాసులూ తీసుకోండి. ఒకటి తళతళ మెరిసేలా అలాగే ఉంచండి. రెండోదానికి బయట చుట్టూ పల్చటి తెల్లకాగితం ఒకే పొరగా, గట్టిగా అంటుకునేలా అతికించండి. రెండింటిలో ఒకే వేడి నీళ్లు, రెండింటికీ మూత. ఏది ముందు చల్లారుతుంది? చుట్టింది వెచ్చగా ఉండాలి కదా అనిపిస్తుంది. కాగితం అంటించిన గ్లాసే ముందు చల్లారుతుంది. కారణం చూడండి: ఆ కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు, అది వేడిని ఆపేది లేనట్టే. కానీ మెరిసే స్టీలు వికిరణాన్ని చాలా తక్కువగా పంపుతుంది, కాగితం దాదాపు పూర్తిగా పంపుతుంది. ఒక దారిని నామమాత్రంగా అడ్డుకుని, మూసి ఉన్న ఇంకో దారిని మనమే తెరిచాం. ఇన్సులేషన్ వేస్తే ఎప్పుడూ మేలే అనే నమ్మకం దీంతో పోవాలి. మెరిసే లోహానికి చుడితే మందంగా, మెత్తగా, గాలి పట్టి ఉండేలా చుట్టాలి, లేకపోతే అసలు చుట్టకండి.

4. పొరలుంటే బలమైన పొర ఏదో వెతకండి

గోడ, కిటికీ, పెట్టె లాంటి పొరల వ్యవస్థ ఉంటే లెక్క వేరుగా ఉంటుంది. ఫూరియే 1822లో అచ్చువేసిన సూత్రం ఇప్పటికీ మన పనికి సరిపోతుంది: పొర గుండా పోయే వేడి వాహకతకు, వైశాల్యానికి, ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగా, మందానికి విలోమంగా ఉంటుంది. మందాన్ని మీటర్లలో తీసుకుని వాహకతతో భాగించండి. వచ్చేది ఆ పొర చూపే అడ్డంకి. పొరలు ఒకదాని వెనక ఒకటి ఉంటే అడ్డంకులను కూడండి.

కావాల్సిన వాహకతలు గుండ్రంగా ఇవి (కొలమానం మీటరుకు, ఒక్కో డిగ్రీకి ఇన్ని వాట్లు అని): రాగి 400, ఉక్కు 50, స్టెయిన్‌లెస్ స్టీలు 15, కాంక్రీటు 1.5, గాజు 1, ఇటుక 0.7, నీరు 0.6, థర్మోకోల్ 0.035, కదలని గాలి 0.026. ఇటుక, కాంక్రీటు రకాన్ని బట్టి కొంత మారతాయి. పట్టికంతా గుర్తుపెట్టుకోవక్కర్లేదు, చివరి అంకె ఒక్కటి గుర్తుంచుకోండి. దూది, ఉన్ని, థర్మోకోల్, ఈకలు, ఇవన్నీ వేడిని ఆపేది తమ గొప్పతనంతో కాదు. లోపల గాలిని కదలకుండా పట్టి ఉంచడం వల్ల. అందుకే అదిమిన దూది సగం పనికిరాదు, తడిసిన దూది మరీ పనికిరాదు. గాలి ఉన్న చోటికి నీరు వస్తే అక్కడ వాహకత ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది.

23 సెంటీమీటర్ల ఇటుక గోడ అడ్డంకి 0.23 భాగించు 0.7, అంటే 0.33. రెండున్నర సెంటీమీటర్ల థర్మోకోల్ అడ్డంకి 0.71. వేలెడంత మందం లేని పలక, జానెడు గోడ కంటే రెట్టింపు పని చేస్తోంది.

ఇప్పుడు కిటికీ. 4 మిల్లీమీటర్ల గాజుకు అడ్డంకి 0.004. అంటే లేనట్టే. మరి కిటికీ మూస్తే కొంతైనా వేడి ఆగుతోంది కదా, ఎలా? గాజుకు రెండు పక్కలా అంటుకుని ఉండే పల్చటి గాలి పొరల వల్ల. లోపలి పొరకు సుమారు 0.13, బయటి పొరకు 0.04 అని ఇంజనీర్లు లెక్కలో తీసుకుంటారు. వెరసి 0.17. గాజును రెట్టింపు మందం చేస్తే మొత్తం అడ్డంకి 0.174 నుంచి 0.178 అవుతుంది, డబ్బు దండగ. అదే రెండు గాజుల మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల గాలి సందు వదిలితే ఇంకో 0.17 దాకా కలుస్తుంది, దూరే వేడి సగమవుతుంది. సందును పది సెంటీమీటర్లు చేస్తే ఇంకా బాగుంటుందా? ఉండదు. సందు పెద్దదైతే లోపలి గాలి తిరగడం మొదలుపెట్టి తనే వేడిని మోసేస్తుంది. పెద్ద గాలి గది ఒకటి కంటే చిన్న గాలి అరలు చాలా మేలు.

పక్కపక్కన ఉన్న దారులకు మాత్రం ఈ కూడిక పనిచేయదు, అక్కడ బలహీనమైన దారే రాజు. ఒక చదరపు మీటరు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ పలక ఒక్కో డిగ్రీకి 0.7 వాట్లు పోనిస్తుంది. దాన్ని ఆరపార దూసుకుపోయేలా సెంటీమీటరు వ్యాసం ఉన్న ఉక్కు బోల్టులు నాలుగు బిగించారనుకోండి. వాటి వైశాల్యం పలకలో పదివేలకు మూడు వంతులు, అంటే కంటికి ఆనదు. కానీ లెక్కేస్తే వాటి గుండా 0.3 వాట్ల దాకా పోవచ్చు. మొత్తం పలక పోనిచ్చేదాంట్లో దాదాపు సగం, నాలుగు బోల్టుల్లోంచి! ఇన్సులేషన్ వేయించాక బాగా పనిచేయట్లేదనిపిస్తే ముందు ఇలాంటి లోహపు వంతెనల కోసం, మూలల్లో సందుల కోసం వెతకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను పలక మీద నెమ్మదిగా జరుపుతూ పోతే అంకె ఎక్కడ గెంతుతుందో అక్కడ వంతెన ఉన్నట్టు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చే వస్తువు ఫ్లాస్కు. జేమ్స్ డ్యూవర్ 1892లో చేసిన ఏర్పాటే ఇప్పటికీ అందులో ఉంది: రెండు గోడల మధ్య గాలి తీసేస్తే వహనం, సంవహనం రెండూ ఆగుతాయి, గోడలకు వెండి పూత పూస్తే వికిరణం ఆగుతుంది. అంతా మూసేశాక మిగిలేది మెడ, బిరడా. మీ ఫ్లాస్కులో నీళ్లు త్వరగా చల్లారుతుంటే బయటి గోడను తాకి చూడండి. ఒళ్లంతా వెచ్చబడితే లోపలి శూన్యం పోయింది, దాన్ని ఇంట్లో బాగుచేయలేం. ఒళ్లు చల్లగా ఉండి మూత చుట్టూ మాత్రమే వెచ్చగా ఉంటే మూత రబ్బరు మారిస్తే సరిపోవచ్చు.

5. ఫాయిల్, రంగులు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్

జాన్ లెస్లీ 1804లో ప్రచురించిన ప్రయోగాన్ని మీరూ చేయండి. మెరిసే రేకు డబ్బా తీసుకుని ఒక పక్క నల్ల టేపు, ఇంకో పక్క తెల్లకాగితం అంటించి, మూడో పక్క అలాగే వదిలేయండి. వేడినీళ్లు పోసి మూత పెట్టి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను దగ్గరగా పెట్టి మూడు పక్కలా చూడండి. లోపల నీళ్లు ఒకటే. టేపు, కాగితం దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. మెరిసే పక్క మాత్రం గది ఉష్ణోగ్రతకు దగ్గరగా చూపిస్తుంది. అది చల్లగా ఉందని వేలు పెట్టకండి, కాలుతుంది. ఆ పరికరం ఉష్ణోగ్రతను కొలవదు, వస్తువు నుంచి వచ్చే వికిరణాన్ని కొలిచి, ఎక్కువ వస్తువుల్లాగే ఇదీ ఆ వేడి దగ్గర పంపగలిగినంతలో 95 శాతం పంపుతోందని ఊహించుకుని అంకె వేస్తుంది. మెరిసే లోహం ఐదో పదో శాతం పంపి, మిగతాది ఎదురుగా ఉన్న గోడ వికిరణాన్నే అద్దంలా తిప్పికొడుతుంది. అందుకే లోహాన్ని చూడాలంటే ఎప్పుడూ టేపు ముక్క అంటించి, ఆ టేపునే చూడాలి. దూరంగా నిలబడి చూడకండి, దూరం పెరిగేకొద్దీ అది చూసే జాగా పెద్దదై పక్క వస్తువులూ కలిసిపోతాయి. కిటికీ గాజు మీద గురిపెడితే కనిపించేది గాజు ఉష్ణోగ్రతే, బయటి చెట్టుది కాదు.

తెలుపు, నలుపు ఒకే అంకె చూపించడం గమనించారా? ఎండలో తెల్ల రంగు చల్లగా ఉంటుందన్నది నిజమే, ఎందుకంటే అక్కడ తిప్పికొట్టాల్సింది కంటికి కనిపించే వెలుగును. కానీ గది వేడిలో వస్తువులు పంపుకునేది కంటికి కనిపించని పరారుణ కిరణాలను. వాటి విషయంలో తెల్ల పెయింటు, నల్ల పెయింటు రెండూ ఒకటే, ఇంచుమించు 90 శాతం. ఎండ తగలని చోట వేడి తగ్గుతుందని తెల్లరంగు పూయించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫాయిల్ వాడేటప్పుడు ఒకే నియమం: దాని మెరిసే ముఖం ముందు గాలి సందు ఉండాలి. రెండు పలకల మధ్య నొక్కేసి అతికిస్తే అది కేవలం లోహపు పొర, వాహకత 200కి పైన ఉన్న వస్తువు, ఏమీ ఆపదు. ఫాయిల్ మీద దుమ్ము పేరుకుంటే కూడా మెరుపుతో పాటు పని పోతుంది. ఏ వైపు ఎక్కువ మెరుస్తోంది, ఏ వైపు తక్కువ అన్న చర్చ మాత్రం వదిలేయండి, పరారుణానికి ఆ తేడా లెక్కలోకి రాదు.

ఎండ పడే కిటికీకి కర్టెన్ లోపల వేయాలా, బయట నీడ ఏర్పాటు చేయాలా అంటే నేను ఎప్పుడూ బయటికే ఓటేస్తాను. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్ల దాకా తెస్తుంది. గాజు ఆ వెలుగును చాలావరకు లోపలికి వదులుతుంది. ముదురు రంగు కర్టెన్ దాన్ని పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని గదిలోకే విడుదల చేస్తుంది. కర్టెన్ పంపే పరారుణం గాజు దాటి బయటికి పోలేదు. బయటే ఆపితే ఈ గొడవ ఉండదు.

6. తోలేయాల్సిన చోట తోలేయండి

ఇప్పటిదాకా ఆపడం గురించే చెప్పాను. ల్యాప్‌టాప్, ఫోన్, ఇన్వర్టర్ లాంటివాటికి అదే జ్ఞానం తిరగేసి వాడాలి: పెద్ద అడ్డంకి ఏదో చూసి దాన్ని తొలగించాలి.

కంప్యూటర్ ప్రాసెసర్‌కూ దాని మీది హీట్ సింక్‌కూ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మె) మధ్య కంటికి కనిపించని గాలి సందులుంటాయి. రాగి 400, గాలి 0.026 అని ఇందాకే చూశాం కదా. ఆ సందుల్ని నింపడానికే థర్మల్ పేస్టు. అది గాలి కంటే ఎంతో మేలు, కానీ లోహం కంటే చాలా తక్కువ. కాబట్టి కొంచెమే, పల్చగా. ఎక్కువ పూస్తే అదే కొత్త అడ్డంకి అవుతుంది. ఫ్యాన్ లేని హీట్ సింక్ అయితే రెక్కలు నిలువుగా ఉండేలా బిగించండి, వేడెక్కిన గాలి పైకి పోవడానికి దారి కావాలి. పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కితే అది దాని తప్పు కాదు, గాలి పోయే రంధ్రాలు మూసింది మనమే. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు, తేమ పట్టి లోపల నీరు చేరొచ్చు. కవర్ తీసి, లోహపు బల్ల మీద పెట్టి, ఛార్జింగ్ ఆపితే చాలు.

ఫ్యాన్ గురించి ఒక మాట. ఖాళీ గదిలో ఫ్యాన్ వేసి వదిలేస్తే గది చల్లబడదు. అది వాడుకున్న కరెంటంతా చివరికి ఆ గదిలో వేడిగానే మిగులుతుంది. ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని, చర్మం మీది గాలి పొరను చెదరగొట్టి, చెమటను త్వరగా ఆర్పి. గాలి చర్మం కంటే వేడిగా, దాదాపు 35 డిగ్రీలు దాటి ఉంటే మొదటి ఉపయోగం తిరగబడుతుంది, గాలే మనకు వేడి తెస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. ఒళ్లు తడుపుకుని ఫ్యాన్ కింద కూర్చుంటే అందుకే అంత హాయి. బాగా ఎక్కువ వేడి ఉన్న రోజున, చెమట పట్టని వృద్ధుల విషయంలో ఫ్యాన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

7. ఆలస్యాన్ని కూడా కొలవండి

మందపాటి వస్తువుల్లో వేడి వెంటనే రెండో వైపు చేరదు. ముందు ఆ పొరనే వేడెక్కించుకుంటూ రావాలి. 15 సెంటీమీటర్ల కాంక్రీటులో మధ్యాహ్నపు వేడి అవతలి వైపు తేలడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. బయట చల్లబడ్డాక గదిలో ఉక్కపోత మొదలవడం ఇందువల్లే.

ఎండ పడే పైకప్పు ఉన్న గది ఉంటే పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా రెండు గంటలకోసారి నాలుగు అంకెలు రాసుకోండి: బయటి గాలి, గదిలో గాలి, పైకప్పు లోపలి ముఖం, కిటికీ ఉన్న గోడ. పైకప్పుకు, గోడకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ సరిగ్గా సరిపోతుంది, రంగు వేసిన గోడ అబద్ధం చెప్పదు. గాలిని కొలిచేటప్పుడు ప్రోబ్‌ను ఎండలో గానీ గోడకు ఆనించి గానీ పెట్టొద్దు. రాసిన అంకెల్ని గ్రాఫులా గీసి, ఏ గీత శిఖరం ఏ గంటకు వచ్చిందో చూడండి.

గది గాలి శిఖరం మధ్యాహ్నమే వచ్చి, పైకప్పు అప్పటికింకా చల్లగా ఉంటే వేడి కిటికీల్లోంచో, సందుల్లోంచో వస్తోంది. అక్కడ పైకప్పు మీద ఖర్చు పెట్టి లాభం లేదు, నీడ, సందుల మూత చూడండి. పైకప్పు ముఖం సాయంత్రం గది గాలి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తూ రాత్రి దాకా అలాగే ఉంటే దోషి అదే. దాని కింద కూర్చున్నవాళ్లకు గాలి ఉష్ణోగ్రత చూపించే దానికంటే ఎక్కువ వేడి తెలుస్తుంది, కప్పు మొత్తం వాళ్ల మీదికి వికిరణం పంపుతుంది కాబట్టి. అప్పుడు తిప్పికొట్టే తెల్లపూత గానీ, ఇన్సులేషన్ గానీ కాంక్రీటు పైనే, ఎండ తగిలే వైపునే వేయించండి. లోపలి వైపు వేస్తే గదికి కొంత వేడి తగ్గుతుంది గానీ కాంక్రీటు మాత్రం రోజంతా ఎండను మింగుతూనే ఉంటుంది. ఏది వేయించినా, వేయించిన తర్వాత బయట అదే ఎండ, అదే గాలి ఉన్న రోజున ఆ నాలుగు అంకెలూ మళ్లీ రాసి, పాత గ్రాఫు మీదే వేరే రంగుతో గీయండి.